రెండో రాయి

ఆ ఎండాకాలం మా షెడ్డులో మొదటి దెబ్బ నా చెంపకే పడింది.

బీడీలు చుట్టే తునికాకు లారీలు చర్ల వైపు నుంచి దిగడం అప్పుడే మొదలైంది. తల్లాడ రోడ్డు మీద పొద్దస్తమానం దుమ్మే. ఆ దుమ్ములోంచి వేంసూరు బసవపున్నయ్య గారి ట్రాక్టరు ఒక పాత అంబాసిడర్ కారును తాడు కట్టి లాక్కొచ్చి మా ముందు ఆపింది. అరవై మూడులో ఆయన తండ్రి కొన్న కారు. ఇరవై ఏళ్ళుగా వడ్ల బస్తాల వెనక మూలన పడి ఉంది. అడుగు రేకును తుప్పు తినేసింది, సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి. మే నెలాఖరున ఆయన షష్టిపూర్తి. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని బడికి వెళ్ళిన ఆ కారులోనే ఆ రోజు ఊరంతా తిరగాలని ఆయన ముచ్చట.

ముచ్చట మంచిదే. వెంట వచ్చిన కొడుకు సంగతే వేరు.

వెంకటకృష్ణ తన పెద్ద కారు దిగీ దిగగానే నన్ను పైనుంచి కిందికి చూసి, మెకానిక్ ఎక్కడ అని అడిగాడు. నేనే అన్నాను. మా తాత కారు మీద ఆడదాని చెయ్యేంటి నాన్నా అన్నాడు తండ్రితో. నాకు నోరు ఆగదు, చిన్నప్పటి నుంచీ అదే రోగం.

"చెయ్యి ఎవరిదో బోల్టుకు తెల్వదు సార్. పట్టు తెలుస్తది" అన్నాను.

చెంప ఛెళ్ళుమంది. నోట్లో ఉప్పగా తగిలింది. అక్కడున్న పదిమందిలో ఒక్కరూ కదల్లేదు. బసవపున్నయ్య గారు కారు బానెట్ మీద దుమ్ము తుడుస్తూ, వాడి కోపం అంతేనమ్మా, మనసు మాత్రం వెన్న అన్నారు. ఆ వెన్న ఎక్కడుందో నెలన్నర వెతికాను గానీ నాకు కనబడలేదు.

అప్పుడే వద్దనాల్సింది. తాడు విప్పొద్దు, తీసుకుపొమ్మనాల్సింది. కానీ నేను అప్పటికే వంగి కారు కింద చూశాను. అడుగు పోయింది గానీ నడుం గట్టిగా ఉంది. పాత ఇనుము, మంచి ఇనుము. అలాంటి బండిని మళ్ళీ లేపి నడిపించే అవకాశం ఒక మెకానిక్‌కు జన్మలో ఒకసారి వస్తుంది. నా చెంప మంట కంటే ఆ ఆశే నాకు ఎక్కువైంది. ఆ సంగతి దాచుకోను.

షెడ్డు మా నాన్న లాలుది. ఆయన పోయాక నేనూ, నా తమ్ముడు కోటేషూ నడుపుతున్నాం. నాన్న మాకు వదిలిపెట్టింది పన్నెండు నల్లమద్ది కర్ర దిమ్మలు, ఒక సూత్రం. దిమ్మలు మూరెడు పొడవు, జానెడు మందం. నలభై ఏళ్ళుగా నూనె తాగి తాగి ఇనుములా నల్లబడ్డాయి. సూత్రం ఏమిటంటే, ఎత్తేది జాకీ, మోసేది దిమ్మ. జాకీతో పని బండి లేచేవరకే. లేచాక రెండు దిమ్మలు అడ్డం, రెండు నిలువు, మళ్ళీ రెండు అడ్డం పేర్చి, బరువంతా వాటి మీదికి దించాలి. నేల మీద ఉన్న టైర్లకు రాళ్ళు అడ్డం పెట్టాలి. తుంటితో బండిని ఒక్క నెట్టు నెట్టి చూడాలి. కాస్త ఊగినా మళ్ళీ మొదటి నుంచి పేర్చాలి. ఇదంతా అయ్యాక బయట ఉన్న మనిషి దిమ్మ మీద మూడుసార్లు తట్టి 'పో' అనాలి. అప్పుడే రెండో మనిషి కిందికి దూరాలి.

మా ఇద్దరిలో దూరేది కోటేషు, సన్నగా ఉంటాడు కాబట్టి. తట్టేది నేను. పదకొండేళ్ళలో వాడు ఒక్కసారి కూడా దిమ్మలు ఎలా ఉన్నాయో వంగి చూడలేదు. నేను తడితే చాలు, పాట పాడుకుంటూ జారిపోయేవాడు. నీ ప్రాణం నువ్వు చూసుకోవాలి గదరా అని తిట్టేదాన్ని.

"నువ్వు చూసినంక మళ్ళ నేను చూస్తే, నిన్ను నమ్మనట్టుంటది అక్కా" అనేవాడు.

మే మొదటి వారానికి అడుగు రేకు కోసి కొత్తది అతికించాం. గేర్‌బాక్సు దించి విప్పాం. చేతి బ్రేకు తీగ మెత్తగా బూడిదలా రాలిపోయింది. కొత్తది ఖమ్మంలో దొరక్క హైదరాబాదుకు చెప్పి పంపాం. వారానికోసారి వెంకటకృష్ణ వచ్చి చూసేవాడు. చూడటం అంటే కాలితో చూడటం. కోటేషు కింద ఉంటే బయటికి కనబడే పాదాల్ని బూటుతో తన్ని పనెంత వరకు వచ్చిందని అడిగేవాడు. ఒకసారి దిమ్మనే తన్నాడు. ఊళ్ళో గ్యారేజీల్లో లిఫ్టులుంటే ఇక్కడ ఈ పొయ్యి కట్టెలేంటని నవ్వాడు. దిమ్మ కదల్లేదు.

అతనితో పాటు రెండుసార్లు వాళ్ళమ్మ నిర్మలాదేవి గారు కూడా వచ్చింది. ఆమె మీద నాకు కోపం రాలేదు, రావాల్సినంతగా. వచ్చినప్పుడల్లా స్టీలు క్యాన్‌లో మజ్జిగ తెచ్చేది. వేడి నీళ్ళలో ఉప్పేసి చేతులు పెట్టుకో, పగుళ్ళు తగ్గుతాయి అని నాకు చెప్పేది. పెళ్ళయ్యి అత్తగారింటికి ఆ కారులోనే వచ్చిందట. ఎడమ తలుపు సందు చూపించి, ఇక్కడే నా చీర కొంగు పడి జానెడు చిరిగింది రూప్లీ, మా మామగారు ఒక్క మాటా అనకుండా కారాపి దిగి తలుపు తీశారు అని చెప్పింది. ఆ మామగారి గురించి మాట్లాడేటప్పుడు ఆమె మొహం వెలిగేది.

మే పదో తేదీ ప్రాంతంలో చర్ల నుంచి బొజ్జయ్య లారీ వచ్చింది. ప్రతి ఏడూ తునికాకు లోడుతో పోతూ మా దగ్గర బ్రేకులు చూపించుకుంటాడు. యాభై దాటిన మనిషి, ఎవరి జోలికీ పోడు. షెడ్డు ముందు వేపచెట్టు నీడలో లారీ పెట్టి చుట్ట వెలిగించుకున్నాడు. వెంకటకృష్ణ కారుకు ఆ నీడ కావాల్సి వచ్చింది. తీయమన్నాడు. చక్రం విప్పి ఉంది సార్, పది నిమిషాలు అన్నాడు బొజ్జయ్య. వెంకటకృష్ణ అతని జుట్టు పట్టుకుని లారీ డోరుకేసి కొట్టాడు. రెండోసారి కొట్టినప్పుడు పన్ను ఊడి దుమ్ములో పడింది. నేనూ కోటేషూ మధ్యలోకి వెళ్ళేసరికి మూడోది కూడా అయిపోయింది.

నిర్మలాదేవి గారు కారులోనే కూర్చుని ఉంది. అద్దం నాలుగు వేళ్ళంత దించింది.

"కృష్ణా, ఎండగా ఉంది. రా నాన్నా" అంది. మళ్ళీ అద్దం ఎత్తింది.

బొజ్జయ్య వంగి పన్ను వెతుక్కున్నాడు. దాన్ని ఏం చేసుకుంటాడో నాకు అర్థం కాలేదు గానీ, నేనూ వెతికి ఇచ్చాను. ఆ రోజు నేను గమనించిందల్లా ఒకటే, ఆమె ఎండ గురించి మాట్లాడింది.

షష్టిపూర్తికి నాలుగు రోజుల ముందు కారుకు నల్ల రంగు పూర్తయింది. అద్దంలో చూసుకున్నట్టు మొహం కనబడుతోంది. కానీ చేతి బ్రేకు తీగ రాలేదు. గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలకు పోయే గొట్టం ఇంకా బిగించలేదు. అంటే బండిని పట్టి ఆపేది ఏదీ లేదు. ముందు భాగం దిమ్మల మీద, వెనక చక్రాలు నేల మీద, వాటి ముందు రెండు రాళ్ళు. మా షెడ్డు నేల రోడ్డు వైపుకు వాలు, కడిగిన నీళ్ళు పోవడానికి నాన్న అలా పోయించాడు. కారు మొహం కూడా రోడ్డు వైపే.

ఆ పొద్దున బసవపున్నయ్య గారింటివాళ్ళు అందరూ దిగారు. పది దాటాక మంచి ఘడియ ఉందట, అప్పుడు కారు నిమ్మకాయలు తొక్కాలట, కొబ్బరికాయ కొట్టాలట. బ్రేకులు లేవండీ, బిగించాక తొక్కిద్దాం అని నేను బతిమాలాను. వెంకటకృష్ణ ఒప్పుకోలేదు. ముహూర్తం నీ బ్రేకుల కోసం కూర్చుంటుందా, చేతులతో నెట్టి తొక్కించండి అన్నాడు. అలా అంటూ కారు చుట్టూ తిరిగి, ఎడమ మడ్‌గార్డు దగ్గర ఆగిపోయాడు.

అక్కడ సన్నటి గీత ఉంది. ముందు రోజు వచ్చినప్పుడు అతని చేతి కడియమే గీసుకుంది, నా కళ్ళతో చూశాను. ఎవరు చేశారని అడిగాడు. కోటేషు మడ్‌గార్డు మీద చెయ్యి పెట్టి, పాలిష్ కొడితే పోతది సార్, పెద్దది గాదు అన్నాడు. వెంకటకృష్ణ బల్ల మీది వీల్ స్పానర్ తీసి ఆ చెయ్యి మీద కొట్టాడు.

చెయ్యి వెనక్కి తీసుకునే లోపు ఇంకోసారి కొట్టాడు. ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. కోటేషు కేక పెట్టలేదు, మోకాళ్ళ మీద కూలబడి చేతిని కడుపులో దాచుకున్నాడు. నేను అడ్డం పోతే మోచేత్తో నా రొమ్ము మీద పొడిచాడు, వెళ్ళి ఆయిల్ డ్రమ్ము మీద పడ్డాను. తమ్ముడి వీపు మీద ఇంకో రెండు పడ్డాయి. లేచే సత్తువ లేక తలెత్తి చూస్తే, ఐదు గజాల దూరంలో నిర్మలాదేవి గారు ఇత్తడి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. పళ్ళెంలో పసుపు, కుంకుమ, నాలుగు నిమ్మకాయలు. ఆమె చూస్తోంది. ఏమైనా అంటుందేమో అని నేను ఆమె నోటి వైపు చూశాను.

"టైమవుతోంది కృష్ణా" అంది.

స్పానర్ కింద పడేశాడు. పని కానివ్వండన్నాడు.

కానిచ్చాం. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కుడిచేతికి తువ్వాల చుట్టుకుని, ఎడమచేత్తో జాకీ రాడ్డు కొట్టి కోటేషు ముందు భాగాన్ని కాస్త లేపాడు. నేను రెండు వైపులా దిమ్మలు లాగేశాను. ఇక బండి బరువంతా జాకీ మీదే ఉంది. అది సీసాలా నిలబడే చిన్న జాకీ. నిటారుగా మోస్తుంది గానీ పక్కకు ఒరిగితే దానికి కాళ్ళు లేవు. ఇక చేయాల్సింది దించడం, ఆ తర్వాత నేను వెనక్కి వెళ్ళి రాళ్ళు తీయడం. ముందు దించాలి, తర్వాతే రాళ్ళు.

అప్పుడు నేల మీద ఒక నల్ల చుక్క పడింది. ఇంజను కింద నుంచి నూనె. పూజ వేళకు ఈ నూనె కారడమేంటని వెంకటకృష్ణ కోటేషును కిందికి దూరి చూడమన్నాడు. వాడు నా వైపు చూశాడు. దిమ్మల్లేవు, ఎవ్వరూ పోవద్దు అన్నాను. చావంటే అంత భయమా మీకు అని నవ్వి, అతను అట్టముక్క పరుచుకుని, జేబులోంచి సెల్లు తీసి లైటు వేసుకుని తనే వెల్లకిలా జారాడు.

"సార్, జాకీ మీదనే ఉంది. బయటికి రండి" అన్నాను.

"నోర్మూసుకో" అన్నాడు లోపలి నుంచి.

నేను వెనక చక్రాల దగ్గర, చేతుల్లో దిమ్మతో ఉన్నాను. బసవపున్నయ్య గారు రోడ్డు మీద కొబ్బరికాయలకు పీచు తీయిస్తున్నారు. కోటేషు ముందు వైపు రాడ్డు పట్టుకుని కూర్చున్నాడు. నిర్మలాదేవి గారు పళ్ళెంతో ఎడమ వెనక టైరు దగ్గరికి వచ్చింది. నిమ్మకాయ పెట్టాల్సిన చోట రాయి ఉంది. వంగి, రాయిని రెండు చేతులతో తీసి పక్కన పెట్టి, ఆ చోటులో నిమ్మకాయ పెట్టింది. పసుపు చల్లింది. బండి కదల్లేదు, ఇంకో రాయి ఉంది కాబట్టి. తలెత్తి నా వైపు చూసింది. నేనూ చూశాను.

తర్వాత ఆమె కారు వెనక నుంచి తిరిగి కుడి టైరు వైపు నడిచింది. నాలుగు అడుగులు. చీర కుచ్చిళ్ళు నూనెకు తగలకుండా ఎత్తి పట్టుకుని మెల్లగా నడిచింది. అమ్మా ఆగండి అనడానికి ఒక్క అడుగు చాలు. నేను కోటేషు చేతి తువ్వాల వైపు చూశాను. అప్పటికే ఎర్రగా తడిసింది.

ఆమె రెండో రాయి తీసింది. నిమ్మకాయ పెట్టింది.

నిమ్మకాయలు ఒక్క క్షణం ఆపాయి. పిచుక్కుమని రెండూ ఒకేసారి నలిగాయి. బండి జానెడు ముందుకు పోయింది, జాకీ ఒరిగింది, ముందు భాగం కింద పడింది. ముందు టైర్లు బిగించే ఉన్నాయి కాబట్టి అడుగున కాస్త సందు మిగిలింది, కోటేషులాంటి సన్నటి మనిషైతే బతికేవాడేమో. అతనిది ఎత్తైన ఛాతీ. అరుపు రాలేదు, గాలి పోయిన చప్పుడు వచ్చింది. సెల్లు లైటు కారు కింద అలాగే వెలుగుతోంది.

ఆ తర్వాత నా చేతులు వాటంతట అవే పని చేశాయి. కోటేషు ఒంటి చేత్తో జాకీ కొట్టాడు, నేను దిమ్మలు పేర్చాను, రెండు అడ్డం, రెండు నిలువు. జన్మలో ఎప్పుడూ అంత జల్దీగా పేర్చలేదు. లాగి బయటపడేసేసరికి అతని నోటి నుంచి నురగతో నెత్తురు వస్తోంది. వాళ్ళమ్మ వైపు చూడలేకపోయాను. ఖమ్మం దవాఖానా చేరకముందే, వైరా దగ్గర ప్రాణం పోయిందని తర్వాత తెలిసింది.

బసవపున్నయ్య గారు కొడుకుతో వెళ్ళలేదు. ఆయన కళ్ళు కోటేషు ఎడమచేతిలోని రాడ్డు మీద ఆగాయి. పొద్దున కొట్టాడని పగబట్టి జాకీ వదిలేశాడు అన్నారు. మొదట మెల్లగా అన్నారు, తర్వాత అరిచారు. అదే రాడ్డు లాక్కుని కొట్టడం మొదలుపెట్టారు. అరవై ఏళ్ళ మనిషి చేతుల్లో అంత బలం ఎక్కడిదో. ఆయన అలిసిపోతే పాలేర్లు అందుకున్నారు. కోటేషును కాళ్ళు పట్టి రోడ్డు మీదికి ఈడ్చారు. నేను వాడి మీద పడుకున్నాను. నా నెత్తి మీద ఏది పడిందో తెలియదు, తొమ్మిది కుట్లు వేశారు. మధ్యాహ్నానికి వేంసూరు నుంచి రెండు ట్రాక్టర్ల జనం వచ్చి షెడ్డు రేకులు పీకారు. దిమ్మలన్నీ కుప్పపోసి డీజిల్ చల్లి అంటించారు. నూనె తాగిన కట్టె కదా, రెండు రోజులు కాలింది.

కోటేషు మీద హత్య కేసు పెట్టారు. స్టేషన్‌లో ఎస్సై నన్ను కూర్చోబెట్టి, కారు ఎందుకు కదిలింది, టైర్లకు అడ్డం రాళ్ళు పెట్టలేదా అని అడిగాడు. పెట్టామన్నాను.

"మరి రాళ్ళు ఎవరు తీశారు?"

"తెల్వదు సార్."

ఎందుకలా అన్నానో నాకు బాగా తెలుసు. ఆమె తీసింది అంటే, నువ్వు చూశావా అంటాడు. చూశాను అంటే, మరి ఎందుకు ఆపలేదు అంటాడు. ఆ మూడో ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఒకటే, అది తువ్వాలకు అంటిన నెత్తురు. తమ్ముణ్ణి విడిపించే మాట, నన్ను లోపల వేసే మాట ఒక్కటే అయింది. భయపడ్డాను. సిగ్గులేకుండా భయపడ్డాను.

కటకటాల వెనక కోటేషు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పెదవి రెండుగా చీలింది. కుడిచేతికి కట్టు కట్టారు గానీ వేళ్ళు సరిచేయలేదు.

"అక్కా, నేను జాకీ తిప్పలే" అన్నాడు.

"నాకు తెల్సురా."

"నీకు తెల్సు గదా. చాలు" అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

ఆ మాట విన్నాక కూడా నేను ఎస్సై గది ముందు నుంచి నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. మా తండాలో జనం ఇంటి ముందు కూడారు. గోపాలు మామ గొడ్డలి నూరుకుంటూ, కర్మకాండ అయ్యేదాకా చూస్తాం, పిల్లగాణ్ణి ఇడవకపోతే వేంసూరు పోదాం అన్నాడు. ఉత్త మాట కాదని అతని మొహం చూస్తే తెలిసింది. ఒకడు పోయాడు, ఒకడు జైలుకు పోయాడు. ఇంకా ఎన్ని తలలు పగలాలో నా నోటి మీద ఆధారపడి ఉంది. పదకొండు రాత్రులు నిద్రలేదు. పన్నెండో రోజు పొద్దున చెప్పడానికే బయల్దేరాను. నిజంగా బయల్దేరానో, బయల్దేరినట్టు నన్ను నేను నమ్మించుకున్నానో, ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పలేను. ఎందుకంటే దారిలో షెడ్డు దగ్గర ఆగాను.

అక్కడ నిర్మలాదేవి గారు ఉంది. ఒక్కతే, ఆటోలో వచ్చింది. రేకుల్లేని షెడ్డులో, ఎండలో, తిరగేసిన డబ్బా మీద కూర్చుని ఉంది.

"రూప్లీ, నిన్నొకటి అడగాలి. నువ్వైతేనే చెప్పగలవు" అంది. "నిన్న పదకొండో రోజు పూజకు నిమ్మకాయ కోస్తుంటే గుర్తొచ్చింది. ఆ రోజు టైర్ల దగ్గర రాళ్ళు అడ్డంగా ఉంటే తీశాను. ఎలాగూ తీసేవే కదా అనుకున్నాను. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?"

లేదమ్మా అంటే ఆమె ఇంటికి పోయి కొడుకు కోసం మాత్రమే ఏడ్చేది. ఒక తల్లికి ఆ మాట ఇవ్వగలిగేదాన్ని. కానీ అది ఇస్తే నా తమ్ముడు జైల్లోనే కుళ్ళిపోతాడు. పగిలిన బక్కెట్లో అడుగున మిగిలిన నీళ్ళు తీసి, కారు వెనక చక్రాలు ఉన్న చోట పోశాను. నీళ్ళు రోడ్డు వైపుకు పాకాయి. జాకీ ఎలా నిలబడుతుందో, ఎలా ఒరుగుతుందో చెప్పాను. ఆమె ఆ తడి రోడ్డు అంచు దాకా పోయేవరకు చూస్తూ కూర్చుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"నేను మొదటి రాయి తీసినప్పుడు నువ్వు నన్నే చూస్తున్నావు."

"అవ్."

"రెండోది తీస్తే ఏమవుతుందో నీకు తెలుసు."

"తెల్సమ్మా."

"ఒక్క మాట అనలేకపోయావా, తల్లీ?"

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు సులువయ్యేది.

"పొద్దుగాల సారు మా తమ్ముని వేళ్ళు ఇరగ్గొడ్తుంటే మీరు పళ్ళెం పట్టుకొని చూసిన్రు" అన్నాను. "మీరు ఒక్క మాట అంటరేమో అని నేను మీ దిక్కే చూసిన."

ఆమె ఏడవలేదు. కొంగు తీసి మొహం తుడుచుకుంది, చెమటే. లేవబోయి తూలితే చెయ్యి అందించాను. నా చెయ్యి పట్టుకునే లేచింది.

"స్టేషన్‌కి తోవ చూపించు" అంది.

ఒకే ఆటోలో వెళ్ళాం. ఆమె ఎస్సై ముందు కుర్చీలో నిటారుగా కూర్చుని, రాళ్ళు తీసింది నేనే, మా వాడు కింద ఉన్న సంగతి చూసుకోలేదు, ఆ పిల్లవాడి తప్పు లేదు అని చెప్పింది. ఎస్సై రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ అదే చెప్పింది. అతను రాసుకుంటూ, మీరు తీయడం ఎవరైనా చూశారా అమ్మా అన్నాడు.

నేను ఆమె వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. ఆమె తల తిప్పలేదు.

"ఎవరూ చూడలేదు" అంది. "అందరూ ముందు వైపున్నారు."

ఎస్సై అది కూడా రాశాడు. నేను నోరు తెరవలేదు. అప్పుడూ తెరవలేదు.

కేసు ప్రమాదంగా మారి, కోటేషు బయటికి రావడానికి ఇంకో ఇరవై రోజులు పట్టింది. అప్పటికి వానలు పడ్డాయి. గోపాలు మామ గొడ్డలి చూరులోకి పోయింది. బసవపున్నయ్య గారి షష్టిపూర్తి జరగలేదు, ఆ కారు స్టేషన్ వెనక తడుస్తూ ఉంది. ఖమ్మం నుంచి బస్సులో వస్తుంటే వాడు నన్నేమీ అడగలేదు. అడగకపోవడమే నేను భరించలేకపోయాను. రాయి సంగతి చెప్పాను. నేను చూశానని చెప్పాను. నా నోటి వల్ల కాదు, నోరు మూసుకోవడం వల్లే నువ్వు నెల రోజులు దెబ్బలు తిన్నావని చెప్పాను. వాడు కిటికీ వైపు తిరిగి, వైరా దాటేదాకా వాన చూశాడు.

"ఎంతసేపు?" అన్నాడు.

"నాలుగడుగులు."

ఊఁ అన్నాడు. ఇల్లు చేరాక నేను పెట్టిన అన్నం తిన్నాడు, నా నెత్తి కుట్లు విప్పారా అని అడిగాడు. పగ పట్టే రకం కాదు వాడు.

షెడ్డు మీద కొత్త రేకులు వేసి ఆషాఢంలో తెరిచాం. దిమ్మల్లో ఆరు మాత్రం సగం కాలి మిగిలాయి, బొగ్గు చెక్కేసి ఆ ఆరే వాడుతున్నాం. మొదటి బండి బొజ్జయ్య లారీయే. జాకీ పెట్టి లేపాం. దిమ్మలు పేర్చాను, టైర్లకు రాళ్ళు పెట్టాను, తుంటితో నెట్టి చూశాను, ఊగలేదు. దిమ్మ మీద మూడుసార్లు తట్టాను.

"పో" అన్నాను.

కోటేషు అట్టముక్క చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. తర్వాత మోకాళ్ళ మీద వంగి, రెండు వేళ్ళు వంగని కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో ఒక్కో దిమ్మనూ కదిపి చూశాడు. లేచి లారీ వెనక్కి నడిచి వెళ్ళి, రెండు టైర్ల ముందున్న రాళ్ళనూ కాలితో తన్ని చూశాడు. నా వైపు చూడకుండా తిరిగొచ్చి, అప్పుడు కిందికి దూరాడు. పాట పాడలేదు.